కప్ప కంటికి చిక్కిన గడియారం

మా ముత్తాత గోదావరి ఒడ్డున జమీందారు. ఆయన బయలుదేరితే ముందు కాగడాలు, వెనక కాగడాలు. మా తాతగారికి దివాణంలో వెలగని దీపం ఒక్కటి కనిపించినా కోపం వచ్చేది. ఆ వంశానికి వారసుణ్నయిన నేను ఢిల్లీలో, కిటికీలకు నల్లగుడ్డ కొట్టిన గదిలో, కప్ప కంటికి ఎంత తక్కువ వెలుగు చాలునో కొలిచే ఉద్యోగంలో కుదిరాను.

మసక వెలుతురును పట్టే దండకణాలు కప్ప కంట్లో ఉంటాయి. చీకటికి అలవాటు పడనిస్తే, ఒక్క కాంతిరేణువు తగిలినా వాటిలో విద్యుత్తు కాస్త మారుతుంది. ఒక కణాన్ని సన్నని గాజుగొట్టం కొసన పట్టి ఉంచితే, ఆ మార్పు పక్కగదిలో తెరమీద గీతగా లేస్తుంది. నా గీత మాత్రం నేను దీపం వెయ్యకముందే ఎగిరేది. నెలాఖరులోగా అది కుదురుకోకపోతే ఉద్యోగం పొడిగించరు.

ప్రయోగశాల పెద్ద విజయవాడ ఆవిడ. ఒకరోజు తానే తెర ముందు కూర్చుని, గోడ అవతలి నుంచి కేకేశారు.

"జమీందారు గారూ, గొట్టం మీంచి చెయ్యి తియ్యండి."

తీశాను.

"అచ్ఛా. ఇప్పుడు పెట్టండి."

పెట్టాను.

"ఇదిగో, గీతకి పూనకం వచ్చింది! చేతికి ఏం కట్టారండీ?"

"మా తాతగారి గడియారం. రేడియం ముళ్లది. వెలగడం మానేసి చాలా ఏళ్లయింది మేడమ్."

"మీకు కనపడ్డం మానేసింది. కప్పకి కనపడుతోంది. తీసి పక్కన పెట్టండి."

"మా ఇంట్లో అది చేతి నుంచి చేతికి మారాలే గాని, పక్కన పెట్టకూడదండీ."

"ఠీక్ హై. అయితే ఉద్యోగాన్ని పక్కన పెడదామా?"

మా వంశంలో వెలుగు ఆరిపోయిందని బంధువులు, కోర్టులు ఏనాడో తేల్చేశారు. ఇంకా మిగిలి ఉందని సాక్ష్యం చెప్పింది ఆ కప్ప కన్ను ఒక్కటే. ఆ మాటకు వెన్ను కాస్త నిటారుగా పెట్టుకుని, గడియారం విప్పి బయట ఉంచి వచ్చాను. ఆ తర్వాత గీత నేను దీపం వేసినప్పుడే లేచింది. ఉద్యోగం నిలిచింది.

ఒకసారి విప్పిన గడియారం మరో చేతికి వెళ్లాలి. నాకు పిల్లలు లేరు. నియమం తప్పడం మా ఇంటావంటా లేదు. ఆదివారం కరోల్ బాగ్ వెళ్లి, పాత గడియారాల దుకాణం లాలాజీ చేతిలో పెట్టాను. ఆయన అక్కడే కట్టుకుని చూసుకున్నాడు.

దివాణం, మామిడితోట, కాగడాల ఇత్తడి పిడులు మా నాన్నగారి హయాంలో అమ్ముడయ్యాయి. గడియారాన్ని నేను అమ్మాను.