పదకొండు కాలేజీల మాక్ డ్రిల్లు

మాక్ డ్రిల్లు పెట్టకుండా జ్ఞానశేఖర్ నమ్మిన వస్తువు గానీ మనిషి గానీ ఈ లోకంలో లేదు. ఉక్కు ఫ్యాక్టరీ సేఫ్టీ విభాగంలో ముప్పై నాలుగేళ్ళు చేశాడు. రాని ప్రమాదాన్ని వచ్చినట్టు నటించి అందర్నీ పరిగెత్తించడమే ఆయన ఉద్యోగం. రిటైరై గాజువాకలో ఇల్లు కట్టుకున్నాడు గానీ, ఆయన డ్రిల్లు రిటైరు కాలేదు.

క్రిస్మస్ నాడు అందరూ బిర్యానీలో చెయ్యి పెట్టగానే "గ్యాస్ లీకు" అని కేకేసి ఈల ఊదాడు. ఇరవై మంది చుట్టాలు చేతులు కడుక్కుని మరీ వీధిలో నిలబడ్డారు. వాచీ చూసి, "నాలుగు నిమిషాలు. నిజంగా లీకైతే మీలో సగం మంది ఈ బిర్యానీ పరలోకంలో తిందురు" అన్నాడు. డ్రిల్లులో పాల్గొనని పిల్లి మాత్రం ఈలోగా ముక్కలన్నీ ఏరుకు తినేసింది. కొత్త పాస్టరుగారు ఇంటికొస్తే జ్ఞానశేఖర్ ప్రార్థన మధ్యలో కళ్ళు తిరిగినట్టు సోఫాలో వాలిపోయాడు. పాస్టరుగారు ప్రార్థన ఆపి నీళ్ళు తెచ్చారు. అప్పటినుంచీ జ్ఞానశేఖర్ ఆ చర్చి తప్ప ఇంకో చర్చి గడప తొక్కలేదు.

ఇలాంటి అన్న చేతిలో కూతురి చదువు పెట్టాల్సి వచ్చింది మధురవాడలో ఉండే చెల్లెలు కృపావతికి.

కూతురు ఎవాంజలిన్‌ది పాదరసం లాంటి బుర్ర. లెక్క చూడగానే జవాబు చెప్తుంది. ఆ లెక్క రాయాల్సిన పుస్తకం ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. పని మొదలుపెట్టడం, టైము అంచనా వేసుకోవడం, ఒకదాని వెనక ఒకటి వరస పెట్టుకోవడం ఆ పిల్లకి కొండెక్కినంత కష్టం. "ఇది బద్ధకం కాదమ్మా. పక్కనుండి దారిలో పెట్టే చోట చేర్చండి" అంది డాక్టరు. ఆ మాట ఆలస్యంగా తెలిసింది. అప్పటికే చేర్చిన పెద్ద కాలేజీలో, లేటైతే గేటు దగ్గర అందరి ముందూ నిలదీసేవారు. మాటలు పడలేక, లేటైన రోజు గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగొచ్చేయడం అలవాటు చేసుకుంది. రికార్డులు ఇవ్వలేదు, పరీక్ష ఫీజు గడువు దాటింది, ఏడాది పోయింది. "ఇంక నాను ఏ కాలేజీకీ ఎల్లనమ్మా" అని కూచుంది.

మళ్ళీ అడ్మిషన్లు వచ్చాయి. రెండు వారాల్లో ముగుస్తాయి. ఈసారీ దాటిపోతే పిల్ల చదువు మాటే ఎత్తదని కృపావతికి అన్నం సయించడం లేదు.

"కాలేజీ సంగతి నాకొదిలెయ్యి" అన్నాడు జ్ఞానశేఖర్. దాంతో ఆమెకి నిద్ర కూడా పోయింది.

రోజూ పొద్దున్నే స్కూటరేసుకుని బయల్దేరేవాడు. సాయంత్రం కృపావతి ఫోను చేసేది.

"ఏటన్నయ్యా, ఎలాగుంది?"

"పెద్ద బిల్డింగు. లిఫ్టుంది. డ్రిల్లు ఫెయిలు."

"ల్యాబులు సూసావా?"

"ఆఫీసు దాటితే కదా. పావుగంటలో బయటికి పంపేసారు."

మర్నాడు ఇంకోటి. "కేంటీను బాగుంది. ఇడ్లీ మెత్తగుంది. డ్రిల్లు ఫెయిలు."

కాలేజీలు పిల్లల్ని ఫెయిలు చేయడం అందరూ ఎరిగిందే. ఒక్క మనిషి పది కాలేజీల్ని ఫెయిలు చేయడం విశాఖపట్నంలో అదే మొదలు. వాటిలో ఒకదాన్నుంచి ఎవరో కృపావతికి ఫోను చేసి, "మీ అన్నగారి ఆరోగ్యం బాగుంటుందాండీ?" అని జాలిగా అడిగారు కూడా.

పదకొండోది భీమిలిలో చిన్న డిగ్రీ కాలేజీ. ఈసారి కృపావతి ఊరుకోలేదు. కూతుర్ని బతిమాలి బస్సెక్కించి తనూ వెళ్ళింది. చూస్తే వరండాలో నిప్పు ఆర్పే ఇసక బకెట్టు ఖాళీ, గోడ గడియారం ఆగిపోయి ఉంది. ఇది మెట్ల దగ్గరే ఫెయిలనుకుంది.

"మీరిద్దరూ ఈ కిటికీ దగ్గర కూకోండి. లోపలికి రాకండి" అని జ్ఞానశేఖర్ ఆఫీసులోకి వెళ్ళి తల గోక్కున్నాడు.

"అమ్మా, అప్లికేషన్ ఇద్దామని వచ్చాను. ఫొటోలు మర్చిపోయాను. మార్కుల లిస్టు బస్సులో వదిలేసాను. నిన్న రమ్మంటే ఇవాళ వచ్చాను."

కృపావతి కిటికీ ఊచ పట్టుకుని వింది. అన్నీ తన కూతురు చేసే పనులే, ఒక్కటీ పొల్లుపోలేదు. ఎవాంజలిన్ తల దించుకుంది.

బల్ల దగ్గరున్న లెక్చరరు హేమశ్రీ ఆయన్ని ఎగాదిగా చూసింది. "కూచోండి. సీటు ఎవరికండీ?"

"నాకే."

ఆమె నవ్వలేదు. "చాలా సంతోషమండీ. చదువుకి వయసేముంది. ఫొటోలు తర్వాత తెద్దురు గానీ, మార్కుల లిస్టు కోసం ఎవర్ని అడగాలో నేను కాగితం మీద రాసిస్తాను. ఇవాళ్టికి ఒక్క పనే. పేరు రాయండి."

అటెండరు వరహాలమ్మ పెన్ను తెచ్చిచ్చింది. "మర్చిపోతే మర్చిపోనారు. రేపు పొద్దున్న నాను ఫోను సేసి గుర్తు సేత్తాను బాబూ. నంబరు సెప్పండి."

జ్ఞానశేఖర్ చిక్కులో పడ్డాడు. ఏ కాలేజీలోనూ డ్రిల్లు ఇంత దూరం నడవలేదు, ఎక్కడ ఆపాలో తెలియలేదు. పేరు రాశాడు. పుట్టిన తేదీ రాశాడు. ఏ గ్రూపండీ అంటే బీకాం అనేశాడు. సంతకం దాకా వచ్చేసరికి చెమటలు పట్టి నిజం ఒప్పేసుకున్నాడు.

బయటికి రాగానే కృపావతి పట్టుకుంది. "పది కాలేజీల్లోనూ ఇదే సేసావేటి?"

"మరేటి? దీన్ని పంపి పరీక్ష సేత్తే, మాట పడేది ఇదే కదే. అందుకే నాను పడ్డాను. ఒకాయన బుద్ధుందా అన్నాడు. ఒకావిడ మీలాంటోళ్ళకి సదువెందుకంది."

"ఏడుపు రానేదా మావయ్యా?" అంది ఎవాంజలిన్.

"ఒచ్చింది. స్కూటరు మీద గాలికి ఆరిపోనాది."

అన్న పిచ్చి చూసి ఇన్నేళ్ళూ విసుక్కున్న కృపావతి కొంగుతో ఆయన మొహాన చెమట తుడిచింది. ఎవాంజలిన్ లేచి, తనంతట తాను ఆఫీసులోకి వెళ్ళి ఫారం అడిగింది.

కాలేజీ తెరిచిన మూడో వారంలో ఒకరోజు పదకొండింటికి ఇంటికి ఫోనొచ్చింది.

"అమ్మా, ఇవాళ ఇరవై నిమిషాలు లేటైపోయాను."

కృపావతి చేతిలో గరిటె ఆగింది. "తిరిగొచ్చేత్తన్నావా?"

"నేదమ్మా. లోపలికెళ్ళిపోయాను. ఎక్కడిదాకా అయిందో మేడం సూపించారు. ఇప్పుడు ఇంటర్వెల్లు. క్యారేజీ మాత్రం బస్సులో వదిలేసాను."

"పోతే పోనీలే తల్లీ. ఇంట్లో ఇంకో మూడున్నాయి" అంది కృపావతి.