తాతయ్య నేర్పిన గురి

నా చిన్నప్పుడు కుందలహళ్ళికి పోవాలంటే వైట్‌ఫీల్డ్ దారిలో బస్సు దిగి, ఎర్రమట్టి బాట మీద అరగంట నడవాలి. ఇప్పుడు మా అమ్మాయి పనిచేసే అద్దాల మేడల చుట్టుపక్కల అప్పుడు రాగి చేలూ వేరుశనగ చేలూ ఉండేవి. వాటిలో మూడెకరాలు మా తాతయ్యవి. ఆయన మా అమ్మను కన్న తండ్రి, సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. ఉండటం పట్నంలో, పేటలోని మా ఇంట్లోనే, మనసు మాత్రం ఆ చేలో.

ఆయన దగ్గర ఒక పాత మిలిటరీ రైఫిల్ ఉండేది. యుద్ధం ముగిశాక సైన్యానికి అక్కర్లేక అమ్మేసిన వాటిలో అదొకటి. లైసెన్సు తీసుకుని కొనుక్కున్నాడట. దాని చెక్క పిడి మీద ఏవో అంకెలు చెక్కి ఉండేవి, ఇనుము ఎప్పుడూ నూనె వాసన కొట్టేది. వేరుశనగ ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టే రోజుల్లో అడవిపందులు గుంపుగా వచ్చి చేనంతా తవ్విపోసేవి. వాటి కోసమే ఆ తుపాకి. అప్పట్లో వేట మీద ఇప్పుడున్నంత కట్టుదిట్టం లేదు. పంది పడిన రోజున చుట్టూ ఉన్న చేలవాళ్ళందరికీ కూర వెళ్ళేది, తాతయ్య మీసం రెండు రోజుల దాకా దిగేది కాదు.

నాకు పదేళ్ళు నిండిన ఏడాది, నాకూ కాల్చడం నేర్పమని పట్టుబట్టాను. ఆడపిల్లకు తుపాకి ఏమిటని ఇంట్లో అంతా నవ్వారు. తాతయ్య మాత్రం నవ్వలేదు. ప్రతి ఆదివారం పొద్దున నన్ను చేనికి తీసుకుపోయేవాడు. గట్టు మీద గోనెసంచి పరిచి, దాని మీద రైఫిల్ ఆనించి, నన్ను బోర్లా పడుకోబెట్టేవాడు. ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో, వేలు ఎంత మెల్లగా నొక్కాలో ఓపికగా చెప్పేవాడు. ఎదురుగా ముప్పై అడుగుల దూరాన ఒక రాతి మీద ఖాళీ డబ్బా ఉండేది. పక్క చేని ముసలాయన, తాతయ్యతో సైన్యంలో కలిసి పనిచేసిన స్నేహితుడు, ఆ వైపు ఎవరూ రాకుండా చూస్తానని పోయి పెద్ద బండ చాటున కూర్చునేవాడు.

మొదటి ఆదివారమే నా దెబ్బకు డబ్బా పడింది. ఆ తరవాత కూడా పడుతూనే ఉంది. నా తూటాలు తాతయ్య తూటాల్లా మొనదేలి ఉండేవి కావు, మూతి దగ్గర మైనం పూసి ఉండేవి. ఎందుకని అడిగితే, "నీవి చిన్న చేతులు కదమ్మా, నీకని లోపల చిన్న గుండు పెట్టిండాను" అన్నాడు. ఆయన కాల్చినప్పుడు తుపాకి ఆయన భుజాన్ని వెనక్కి తన్నేది, నన్ను మాత్రం అట్లా తన్నేది కాదు. అది కూడా నా పనితనమే అనుకున్నాను. ఇంటికి రాగానే ఎన్ని పడగొట్టావే అని అమ్మ అడిగేది, నేను చెప్పేదాన్ని, అందరూ చప్పట్లు కొట్టేవారు. బడిలో నా నడకే మారిపోయింది. ఒక తూటాను తాతయ్యకు తెలియకుండా దాచుకుని, పరికిణీ కుచ్చిళ్ళలో ముడివేసుకుని తిరిగేదాన్ని.

ఒక ఆదివారం మాతో ఏడేళ్ళ మా తమ్ముడు కూడా వచ్చాడు. తాతయ్య తుపాకి ఖాళీ చేసి గట్టు మీద పెట్టి, పక్క చేని బావి దగ్గరికి నీళ్ళకు పోయాడు. మేమిద్దరం పచ్చి కాయలు పీక్కుని తింటున్నాం. అప్పుడు రాగి చేలోంచి ఒక నక్క బయటికి వచ్చింది. పట్టపగలు, మనుషులను చూసి కూడా బెదరలేదు. తల వేలాడేసుకుని, కాళ్ళు తడబడుతూ, నోటి నుంచి చొంగ కారుతూ నేరుగా మా వైపే వస్తోంది. పిచ్చిపట్టిందని చూస్తూనే తెలిసింది.

మాకు పది అడుగుల్లో మంచె ఉంది. తమ్ముడు నా చెయ్యి పట్టి లాగాడు. "అక్కా, మంచె ఎక్కుదాం రా! రా అక్కా!"

"భయపడొద్దురా, నేనుండాను కదా. నా వెనక నిలబడు" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. వాడు నన్ను నమ్మి నిలబడ్డాడు. ముడి విప్పి తూటా పెట్టాను. సంచి మీద పడుకున్నాను. నేర్పినట్టే ఊపిరి బిగబట్టాను. నక్క బాగా దగ్గరికి వచ్చేదాకా ఆగి, దాని రొమ్ముకు గురిచూసి నొక్కాను. పెద్ద చప్పుడైంది. నక్క ఒక్క క్షణం ఆగి, నన్ను దాటిపోయి, తమ్ముడి పిక్క పట్టుకుంది.

తాతయ్య ఎట్లా వచ్చాడో తెలియదు. వచ్చీ రాగానే కాలితో తన్ని దాన్ని విడిపించాడు. తుపాకి నా చేతిలోంచి లాక్కుని, జేబులోంచి తన తూటా తీసి ఒక్క దెబ్బకు పడగొట్టాడు. బావి దగ్గర తమ్ముడి కాలు కడిగి కడిగి, భుజాన వేసుకుని రోడ్డు దాకా పరిగెత్తాడు. వెనకే నేనూ పరిగెత్తాను. "గురి సరిగ్గానే పెడితిని తాతా, ఎట్ల తప్పెనో తెలీదు" అని ఏడుస్తూ చెప్తూనే ఉన్నాను. ఆయన ఇంకా జోరుగా పరిగెత్తాడు.

అప్పట్లో పిచ్చినక్క కాటుకు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. రోజూ తాతయ్యే తమ్ముణ్ణి ఎత్తుకుని ఆస్పత్రికి పోయేవాడు. వాడి కేకలు వినలేక నేను బయట మెట్ల మీద చెవులు మూసుకుని కూర్చునేదాన్ని. నా గురి తప్పడం వల్లే ఇదంతా అని నాకు అన్నం సహించేది కాదు. వాడికి ఏమన్నా అయితే చంపింది నేనే అనుకునేదాన్ని. తాతయ్య నన్ను చూసేవాడు, ఏదో చెప్పబోయి ఆగిపోయేవాడు.

తొమ్మిదో రోజో పదో రోజో, వంటింట్లో అమ్మ గొంతు వినబడింది. "గుండు లేని తూటా ఇచ్చి గురి నేర్పిస్తివి నాయనా! అది నిజమనుకొని నిలబడిపాయ కదా. పిలకాయ మంచె ఎక్కుంటే ఏమీ అయ్యుండదు."

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఇద్దరూ నన్ను చూశారు.

"ఒక్కసారన్నా గుండు ఉండెనా తాతా?" అని అడిగాను.

"లేదమ్మా. ఒక్కసారి గూడ లేదు."

"మరి డబ్బాలు?"

"బండ చాటునుంచి ఆయప్ప దారం లాగుతా ఉండె. సుమ్నే, ఊరికే, నీ సంతోషం చూసేదానికని చేస్తిమి. నీ ముఖం వాడిపోతే నేను తాళలేనమ్మా."

అమ్మ వైపు తిరిగాను. ఎన్ని పడగొట్టావే అని వారంవారం అడిగిన అమ్మ తల దించుకుంది. అంటే అందరికీ తెలుసు. చప్పట్లు కొట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలియనిది నాకూ, నన్ను నమ్మి నా వెనక నిలబడిన తమ్ముడికీ మాత్రమే. అంతకన్నా నన్ను కోసింది ఇంకొకటి. అన్ని రోజులు నేను తిండి మాని ఏడుస్తుంటే, తప్పు నీది కాదమ్మా అన్న ఒక్క మాట చెప్పడానికి, యుద్ధం చూసి వచ్చిన మనిషికి ధైర్యం చాలలేదు.

తమ్ముడు గట్టెక్కాడు. తాతయ్యతో నేను నాలుగు నెలలు మాట్లాడలేదు. ఆయన మిఠాయి తెచ్చినా, ఎదురుగా కూర్చుని బతిమాలినా పెదవి విప్పలేదు. చివరికి ఒకరోజు ఆయనే, "పద, చేనికి పోదాం" అన్నాడు. ఈసారి స్నేహితుణ్ణి పిలవలేదు. తన తూటాల్లోంచి ఒకటి నా అరచేతిలో పెట్టాడు. బరువుగా, చల్లగా ఉంది. నేను కాల్చాను. తుపాకి తన్నిన తన్నుకు భుజం విరిగిందనుకున్నాను. దుమ్ము అణిగాక చూస్తే డబ్బా ఎక్కడిదక్కడే ఉంది.

"తగల్లేదమ్మా" అన్నాడు తాతయ్య. నేను అడక్కుండానే, నా గురి మీద ఆయన చెప్పిన మొదటి నిజం అదే. కమిలిన భుజం పట్టుకుని, ఆయన పక్కనే ఇంటికి నడిచాను.

ముప్పైయేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పాను. తప్పు చేసిన పిల్లవాడితో బాగా చేశావని ఏనాడూ అనలేదు. కఠినురాలినని నాకు పేరుండేది, ఉండనిచ్చాను. నన్నెవరైనా మెచ్చుకుంటే ఈ వయసులోనూ ముందు వాళ్ళ కళ్ళలోకి చూస్తాను. తాతయ్య ఆ తరవాత పదకొండేళ్ళు బతికాడు. చివరి రోజుల్లో ఆయనకు గంజి తాగించింది నేనే, ఆయన పోయినప్పుడు అందరికన్నా ఎక్కువ ఏడ్చిందీ నేనే. అయినా ఆ పదకొండేళ్ళలో ఆయన చెప్పిన ఏ మాటనూ ఇంకొకరిని అడిగి తెలుసుకోకుండా నమ్మలేకపోయాను. ఒక మనిషిని ప్రాణంగా ప్రేమిస్తూనే నమ్మలేకపోవడం ఎట్లా ఉంటుందో పదేళ్ళకే తెలిసింది. ఆ బరువు ఇంకా దిగలేదు.