సున్నపు రాళ్ళ బాట

నా పని ఏమిటో ఎవరికైనా చెప్పాల్సి వస్తే నాకు ముందే చెమటలు పట్టేవి. బాటలు వేస్తానంటే తారు, కంకర ధరలు అడిగేవాళ్ళు. అలాంటివి కాదండీ, కొండల మీద మనుషులు నడవడానికీ, గేర్ల సైకిళ్ళు తొక్కడానికీ మట్టి బాటలు చెక్కుతానంటే జాలిగా చూసేవాళ్ళు. "కొండెక్కడానికి మళ్ళీ బాట ఎందుకు, కాళ్ళున్నాయిగా" అని ఒకాయన నా మొహం మీదే అన్నాడు. తొంభైల మధ్యలో ఫరీదాబాద్‌లో ఈ పని చేసి బతుకుతున్నవాణ్ణి నేనొక్కణ్ణే. బతుకుతున్నానని అనుకోవడం కూడా కొంచెం గొప్పలకు పోవడమే.

పని నేర్చుకుంది సైన్యంలో. ఇంజనీర్ల రెజిమెంటులో ఉండగా, మంచు కొండల్లో కంచరగాడిదలు సరుకులు మోసుకెళ్ళే బాటలు చెక్కేవాళ్ళం. రిటైరయ్యాక ఫరీదాబాద్‌లో దిగబడ్డాను, ఎందుకంటే మా ఆవిడ అక్కడి ఒక ఆస్పత్రిలో నర్సు. అక్కడ అందరికీ సిస్టర్, ఇంట్లో నాకు మేట్రన్. ఆవిడ నైట్ డ్యూటీల మీద ఇల్లు నడుస్తుండేది. నేను మాత్రం నడిచే చోటు కోసం వెతుక్కుంటూ ఉండేవాణ్ణి.

మా తెలుగు చర్చిలో కాకినాడ వైపు పెద్దాయన ఒకరుండేవారు. ఒక ఫ్యాక్టరీలో సెక్యూరిటీ సూపర్‌వైజరు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక, చెప్పులు వెతుక్కుంటున్న నన్ను పట్టుకుని, "ఏం బ్రదర్, ఇంకా దారిలోనే ఉన్నావా?" అనేవారు. వాళ్ళ గేటు దగ్గర ఒక పోస్టు ఖాళీ ఉందనీ, మాజీ సైనికుడంటే మేనేజరు కళ్ళు మూసుకుని తీసుకుంటాడనీ చెప్పేవారు. ఆయనది మంచి మనసే. కానీ ఆ గేటు తలుచుకుంటే నాకు ఊపిరాడేది కాదు. లోపలికి వెళ్ళేవాళ్ళు వెళ్తారు, బయటికి వచ్చేవాళ్ళు వస్తారు, మధ్యలో ఎక్కడికీ వెళ్ళకుండా నేను. ఉన్న కాస్త ఆయుష్షు అక్కడి వాచ్‌మన్ స్టూలు పక్కన కరిగిపోతున్నట్టు కల వచ్చేది. స్టూలు మీద కాదు, పక్కన. కూర్చోవడానికి పర్మిషన్ ఉండదట.

ఆ సమయంలోనే ఒక రిటైర్డు కల్నల్ గారు కబురు చేశారు. ఊరి బయట ఆరావళి కొండ ఒకటి లీజుకు తీసుకుని, స్కూలు పిల్లల కోసం సాహస శిబిరం పెడుతున్నారు. గుడారాలూ, తాళ్ళూ అన్నీ ఉన్నాయి, కొండ చుట్టూ తిరిగి పైకెళ్ళే బాట లేదు. వానలు మొదలయ్యాక ఢిల్లీ నుంచి ఒక పెద్ద స్కూలు ప్రిన్సిపాల్ చూడటానికి వస్తుంది. ఆవిడ ఊఁ అంటే ఏటేటా పిల్లలొస్తారు, బాటను చూసుకునే పని నాకు పర్మనెంటు. ఉహుఁ అంటే శిబిరమే ఉండదు.

మా ఆవిడతో చెప్పాను. డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని వింది. చివరికి తీర్పిచ్చింది.

"ఒక్క వానాకాలం చూస్తానండీ. మీ బాట వానకి నిలబడితే మీరు నడవండి. నిలబడకపోతే, వెళ్ళి ఆ గేటు దగ్గర నిలబడండి."

మార్చిలో మొదలుపెట్టాను. ఆరావళి రాయి, తవ్వే గైంతీని వెనక్కి కొట్టేది. విలాయతీ తుమ్మ ముళ్ళు బూట్ల అడుగులోంచి పలకరించేవి. మే నెల వడగాలికి లేబర్ చౌక్ నుంచి తెచ్చిన కూలీలు మధ్యాహ్నానికల్లా పార అక్కడే పారేసి, "భయ్యా, యే కామ్ నహీ, సజా హై" అని వెళ్ళిపోయేవాళ్ళు. శిక్ష అన్న మాట నిజమే. చివర్లో చాలా రోజులు ఒక్కణ్ణే తవ్వాను.

బాట వేయడంలో అసలు సంగతి ఒక్కటే. నీరు బాటని దాటిపోవాలి, బాట వెంట నడవకూడదు. అందుకని బాటని లోయ వైపు కాస్త వాల్చి చెక్కుతాం, మనిషికి తెలియనంత, నీటికి తెలిసేటంత. పైనుంచి వచ్చిన వాన అడ్డంగా జారి కిందికి పోతుంది. ఆ వాలు చెయ్యడంలో నాకు కొంచెం పేరుండేది. పేరు అంటే, కంచరగాడిదల్లో.

జూన్‌లో పని పూర్తయింది. కల్నల్ గారు వచ్చి, చేతికర్ర ఊపుకుంటూ పైదాకా నడిచి దిగారు. సంతోషించారు. కానీ కింద నిలబడి బాటను చూస్తూ, "కుఛ్ కమీ హై, ఉస్తాద్" అన్నారు. ఏదో తక్కువైంది. నేనూ చూశాను. నిజమే, తక్కువైంది. ఇద్దరం ఒకేసారి, "చూనా" అన్నాం.

కంటోన్మెంటులో బతికినవాళ్ళకి ఇది వివరించనక్కర్లేదు. మిగతావాళ్ళకి చెప్పాలంటే, సైన్యంలో బాట అంటే రెండు వైపులా రాళ్ళు, రాళ్ళకి సున్నం. ఆఫీసుకెళ్ళే బాటకైనా, కక్కసుకెళ్ళే బాటకైనా అంతే. పెద్ద ఆఫీసరు వస్తున్నాడంటే ఉన్న సున్నం మీద మళ్ళీ సున్నం. రాళ్ళు లేని బాట మాకు బొత్తాలు లేని చొక్కా. మంచు కొండల్లో మేం వేసిన బాటలకి ఈ అలంకారం లేదు. అక్కడికి సున్నం మోసుకెళ్ళే తీరిక ఎవరికీ లేకపోయింది కాబట్టి ఆ బాటలు బతికిపోయాయని నాకు అప్పటికి తెలియదు.

రెండు వైపులా రాళ్ళు పేర్చాను. కదలకుండా సందుల్లో మట్టి కూరాను. తెల్లగా సున్నం కొట్టాను. రోడ్డు మీంచి చూస్తే కొండ మెడలో ముత్యాల దండలా ఉందని నాకు గర్వం. మా ఆవిడ వచ్చి చూసి, "పళ్ళ సెట్టులా ఉందండీ" అంది.

మొదటి వాన పడింది. తెల్లారి వెళ్తే కింది మలుపు దగ్గర బాట మోకాలి లోతున కోసుకుపోయి ఉంది. కొత్త మట్టి కదా, సర్దుకోవడం సహజం అనుకుని పూడ్చి, దిమ్మిస కొట్టి, గట్టిదనం కోసం అక్కడి రాళ్ళు తీసి ఇంకా పెద్దవి పెట్టాను. రెండో వానకి ఆ మలుపుతో పాటు దాని పై మలుపు కూడా పోయింది. మళ్ళీ పూడ్చాను. చేతులు బొబ్బలెక్కి పగిలితే మా ఆవిడ కట్లు కట్టింది. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే నాకు గేటు చప్పుడు వినిపించేది. ఆ ఆదివారం పెద్దాయన, పోస్టు ఎక్కువకాలం ఆపలేనని మెల్లిగా చెప్పారు. ప్రిన్సిపాల్ శనివారం వస్తుందని కల్నల్ గారి కబురు.

చేసినది ఎందుకు నిలవడం లేదో తెలియకపోవడం కంటే పెద్ద నరకం పనివాడికి లేదు. సర్వీసంతా నేర్చుకున్నది అబద్ధమేమో అనిపించింది. కంచరగాడిదలు నా మీద గౌరవంతో పడిపోకుండా ఉన్నాయేమో అని కూడా అనిపించింది.

మూడో వానకి ఇంటికి పోలేదు. బండ కింద గోనెసంచి కప్పుకుని కూర్చున్నాను, ఏం జరుగుతుందో చూద్దామని. పక్కన, కింది ఊరి మేకలు రోజూ ఎక్కి దిగే సన్నటి జాడ ఒకటుంది. వాన దాని మీద అడ్డంగా జారి చక్కగా లోయలోకి పోతోంది. జాడకి గీత కూడా పడలేదు. నా బాట వైపు తిరిగాను. పైనుంచి వచ్చిన నీళ్ళు బాటని దాటబోయి, బయటి వరస రాళ్ళకి కొట్టుకుని, దారి లేక, బాట వెంటే కిందికి పరుగెత్తుతున్నాయి. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఏరు. బాట అనుకుని నేను కాలవ తవ్వాను. దానికి గట్లు కట్టాను. ఆ గట్లకి సున్నం కూడా కొట్టాను. మేకలకి సున్నం కొట్టే అలవాటు లేదు.

ఆనందించాలో ఏడవాలో తెలియలేదు. ఎస్‌టీడీ బూత్‌కి పరుగెత్తి కల్నల్ గారికి ఫోన్ చేసి, రాళ్ళు తీసెయ్యాలి సాబ్ అన్నాను. ఆయన అంతా విన్నారు. శనివారం దాటనివ్వు, తర్వాత నీ ఇష్టం, అంతవరకు ఒక్క రాయి కదలకూడదు అన్నారు. "ఠీక్ హై సాబ్" అని అలవాటుగా నా నోరు అనేసింది.

శుక్రవారం మా ఆవిడకి సెలవు. ఆకాశం నల్లగా దిగి ఉంది. ఇద్దరం కొండ కింద నిలబడ్డాం. సంగతి చెప్పాను. వేళ్ళ మీద లెక్కపెట్టింది.

"రాళ్ళుంటే సార్‌కి కోపం రాదు, బాట పోతుంది. తీస్తే బాట ఉంటుంది, సార్‌కి కోపం వస్తుంది. అంతేనా?"

"అంతే."

"మరి నేను ఏది నిలబడాలన్నాను?"

చీర కొంగు నడుముకి దోపుకుని మొదటి రాయి ఆవిడే పెరికింది. సాయంత్రం దాకా బయటి వరస పెరుకుతూ, గాడి పడిన చోట మళ్ళీ వాలు సరిచేస్తూ వెళ్ళాం. సున్నం చేతులకీ, చీరకీ, నా మీసానికీ. బయటి వరస లేకుండా లోపలి వరస ఒక్కటే ఉంటే మరీ ఎబ్బెట్టుగా ఉందని అది కూడా తీసేశాం.

శనివారం పొద్దున కల్నల్ గారు జీపు దిగి, కుప్పగా పడున్న తెల్ల రాళ్ళనీ, నన్నూ చూశారు. కేకలేస్తారనుకున్నాను. అంతకంటే ఘోరం, మెల్లిగా మాట్లాడారు.

"రాళ్ళు లేకపోతే అది బాట అని వాళ్ళకెలా తెలుస్తుంది, ఉస్తాద్?"

"నడిస్తే తెలుస్తుంది సాబ్."

నా జీవితంలో ఒక ఆఫీసరుకి ఎదురు చెప్పింది అదొక్కసారే. ఆయన ఏదో అనబోయేలోపు వాన మొదలైంది, వాన వెనకే స్కూలు వ్యాను వచ్చింది.

ప్రిన్సిపాల్ గొడుగు వేసుకుని దిగింది. కొండ వైపు చూసింది. మట్టి రంగు కొండ మీద మట్టి రంగు బాట, ఎంత బాగా కలిసిపోయిందంటే నాకే వెతుక్కోవాల్సి వచ్చింది. కల్నల్ గారు కర్రతో ఇటు నుంచి అటు, అటు నుంచి పైకి అని గాలిలో గీసి చూపించారు. ఆవిడ మర్యాదగా తలూపింది. నాలుగడుగులు నడిచి చూడమని అడిగాం. చెప్పులు పాడవుతాయంది. గుడారంలో టీ తాగి, పిల్లల తల్లిదండ్రులకి ఇదంతా కొంచెం అడవిలా అనిపించవచ్చని చెప్పి వెళ్ళిపోయింది.

వ్యాను కనుమరుగయ్యాక కల్నల్ గారు ఆ వానలోనే ఒంటరిగా పైదాకా ఎక్కి దిగారు. నీళ్ళన్నీ బాటను దాటి లోయలోకి పోతున్నాయి. మలుపులు రెండూ చెక్కు చెదరలేదు. ఆయన కింద నిలబడి బూట్లు చూసుకుని, "పక్కా హై" అన్నారు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, శిబిరం ఇక నడవదని చెప్పారు. ఆ చెయ్యి తీసేదాకా నేను సావధాన్‌లోనే ఉన్నాను.

బాట నిలబడింది. మరుసటి వారం నేనూ నిలబడ్డాను, గేటు దగ్గర. మా ఆవిడ తన మాట తప్పలేదు, నడవమనే అంది. నడవడానికి చోటే లేదు. ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసిస్తూ బొత్తాలు మాత్రం చాలాసేపు చూసింది, అన్నీ ఉన్నాయా అని.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం చర్చి నుంచి అటే వెళ్ళాం. గుడారాలు లేవు. తెల్ల రాళ్ళు ఎవరో ఇంటి పునాదికి ఎత్తుకుపోయారు. బాట మాత్రం ఉంది. మా ఆవిడ ఆస్పత్రి చెప్పులతోనే పైకి బయల్దేరింది, నేను వెనక. రెండో మలుపు దగ్గర పైనుంచి మేకలు ఎదురొచ్చాయి, ఒకదాని వెనక ఒకటి, బాట మధ్యగా. పక్కన వాటి పాత జాడలో గడ్డి మొలిచింది.

"ఏమండీ, తప్పుకోండి" అంది మా ఆవిడ.

ఇద్దరం లోయ వైపు జరిగి నిలబడ్డాం. అవి పోవడానికి చాలాసేపు పట్టింది. రెండింటికి నా డ్యూటీ. అయినా చివరి మేక పోయేదాకా కదల్లేదు, దాని గిట్టలు ఎక్కడైనా జారతాయేమో అని చూస్తూ.