డీజిల్‌లో కడిగిన రబ్బర్లు

మా బావ ఆ రోజు నిద్రపోలేదు. ఈ మాట ముందే రాసి పెడితే మిగిలింది నెమ్మదిగా చెప్పగలను.

మాది ఆత్మకూర్ (ఎస్) పక్కన చిన్న ఊరు, గొర్రెల ఇల్లు. మందను అన్న చూసుకుంటాడు. నేను సూర్యాపేటలో వ్యవసాయ మోటర్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాను. అక్కను కోదాడ దగ్గర ఊరికిచ్చారు. బావ డ్రైవరు. ఏటా కోతలు కాగానే అన్న మందను వాడపల్లి వైపు తోలుకుపోతాడు. అక్కడి రైతులు ఎరువు కోసం తమ పొలాల్లో మందను ఆపించుకుంటారు. పెద్ద గొర్రెలు నడిచిపోతాయి. అప్పుడే పుట్టిన పిల్లలు అంత దూరం నడవలేవు కాబట్టి వాటినీ, మంద చుట్టూ కట్టే వలలనీ, వంట గిన్నెలనీ వ్యానులో పంపేవాళ్ళం. వ్యాను అన్నది. నడిపేది బావ. చెడిపోతే బాగుచేసేది నేను.

ఒక ఏడాది మంద బయలుదేరే ముందు బావ వచ్చి, వెనక చక్రాల దగ్గర బ్రేక్ ఆయిల్ కారుతోందన్నాడు. మెకానిక్ షెడ్డుకు తీసుకుపోతానంటే నేనే వద్దన్నాను. బోరు మోటర్లు విప్పి బిగించేవాడికి బ్రేకులొక లెక్కా అనుకున్నాను. డ్రమ్ములు విప్పి, లోపలి చిన్న సిలిండర్లలో ఉండే రబ్బరు బిళ్ళలు తీసి చూస్తే మట్టి పట్టి ఉన్నాయి తప్ప బాగానే కనబడ్డాయి. వాటిని డీజిల్‌లో వేసి కడిగాను.

నా షాపులో డీజిల్ అంటే సబ్బు లాంటిది. బేరింగులు, బోల్టులు, చివరికి నా చేతులు, అన్నీ అందులోనే కడుగుతాను. రబ్బర్లు మెరిసేటట్టు కడిగి, బట్టతో తుడిచి, తిరిగి బిగించాను. బ్రేకు రబ్బరుకు డీజిల్ తగలకూడదు. తగిలితే అది నీళ్ళు తాగిన శనగలా ఉబ్బుతుంది, అంచులు మడత పడతాయి. ఆ సంగతి నాకు తెలియదు. తెలియకపోవడం ఒక తప్పు అనుకుంటే, రెండో తప్పు ఇంకా పెద్దది.

రెండు రోజులు నడిపి బావ షాపు ముందు బండి ఆపాడు.

"ఏందయ్యా బామ్మర్దీ, చక్రాలు పెనం లెక్క కాలుతున్నాయి. పెడలేమో మెత్తగా లోపలికి పోతంది."

"కొత్త పని బావా, నాలుగు దినాలు నడిస్తే సెట్టయితది. నువ్వు ఉత్తగ పరేషాన్ కాకు."

"నాకు పరేషానేం లేదు. నీ చెయ్యి మీదే అనుమానం."

"మీ కోదాడోళ్ళకు అన్నిటి మీద అనుమానమే గద."

ఆయన నవ్వి బండెక్కాడు. బావ బామ్మర్దుల మధ్య ఏ మాటైనా అట్లా పరాచికంలోనే పోతుంది. ఆ మాట కూడా అట్లాగే పోయింది.

మర్నాడు మధ్యాహ్నం, గొర్రెపిల్లలతో మిర్యాలగూడ దారిలో పోతూ, కాలువ పక్కన మలుపు దగ్గర వ్యాను కట్ట దిగి పొలంలో పడింది. బావకు మోచెయ్యి చీరుకుపోయింది. పిల్లల్లో సగం చచ్చిపోయాయి. నేను సూర్యాపేట నుంచి పోయేసరికి అన్న కట్ట మీద నిలబడి ఉన్నాడు. బావ బురదలో కూర్చుని, బతికిన పిల్లల కాళ్ళు తడిమి చూస్తున్నాడు.

"తొక్కాను. పడలేదు," అన్నాడు బావ.

అన్న నావైపు తిరిగాడు. "బ్రేకులెట్లున్నయ్‌రా?"

"మొన్ననే చేసిన. మంచిగున్నయ్," అన్నాను.

అప్పటికి నిజంగానే అట్లా అనుకున్నాను. ట్రాక్టరు కట్టి బండిని బయటికి లాగాక పెడల్ నొక్కితే నేలకు తగిలింది. పడినప్పుడు పైపు దెబ్బతిని ఉంటుందని నేనే చెప్పాను. మిట్టమధ్యాహ్నం, తిన్న తర్వాత, మలుపు దాకా తిన్నని రోడ్డు. అన్న ఒక్క మాటతో తేల్చేశాడు. "నిద్రవోయిండు."

తెల్లవారి ఒక్కడినే పోయి వెనక డ్రమ్ము విప్పాను. పైపుకు ఏమీ కాలేదు. రబ్బర్లు ఉబ్బి, అంచులు వెనక్కి తిరిగి ఉన్నాయి. వేలితో నొక్కితే మెత్తగా దిగబడ్డాయి. కొంతసేపు వాటిని చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత మళ్ళీ సిలిండర్లలో పెట్టి, డ్రమ్ము బిగించి, ఇంటికి పోయి అన్నం తిన్నాను.

సాయంత్రం చెబుదామనుకున్నాను. అన్న కోపం తగ్గాక చెబుదామనుకున్నాను. కోపం తగ్గేసరికి అది నవ్వులాట అయింది. బావ వరస కాబట్టి ఎగతాళికి అడ్డే లేదు. పెళ్ళికి పోతే "బావకు జర చాప వెయ్యుండ్రి, నిద్రొస్తదేమో" అనేవాళ్ళు. ఒక పెళ్ళిలో మా పిన్ని కొడుకులు దిండుకు గిఫ్ట్ కాగితం చుట్టి అందరి ముందు ఆయన చేతిలో పెట్టారు. బావ విప్పి చూసి, దాన్ని తల కింద పెట్టుకున్నట్టు నటించి, అందరికంటే ఎక్కువ నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ నవ్వు గురించే ఎక్కువ ఆలోచిస్తుంటాను. మొదట్లో ఆయన "బ్రేకు పడలేదు" అని చెప్పేవాడు. తర్వాత చెప్పడం మానేశాడు. ఇంకొన్నాళ్ళకు "ఏమో, కన్ను మూతపడిందేమో" అన్నాడు. ఆ మాట నా ముందే అన్నాడు. ఆయనకు స్టీరింగ్ ఇచ్చేవాళ్ళు తగ్గిపోయారు, ఇస్తామన్నా ఆయనే వద్దన్నాడు. మిర్యాలగూడ రైసు మిల్లులో బస్తాలు మొయ్యడానికి కుదిరాడు. వ్యాను మా ఊళ్ళో గొర్రెల దొడ్డి పక్కన పరదా కింద ఉండిపోయింది.

పోయిన ఏడాది అన్న దాన్ని పాత ఇనుముకు అమ్ముతానన్నాడు. ఆ సంగతి విని అక్క నా షాపుకొచ్చింది. స్టూలు మీద కూర్చుని, మంచినీళ్ళు కూడా తాగకుండా మొదలుపెట్టింది.

"తమ్మీ, బండి అమ్మనియ్యకు. నువ్వు బాగుచేసియ్యి. ఆయన భుజం ఖతమైంది. ఇగ బస్తా ఎత్తలేడు."

"బావ నడుపుతడా మరి?"

"గదే నా బాధ. బస్సుల సీటు ఖాళీగున్నా కూసోడురా. కూసుంటే నిద్రవడతదని మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా నిలవడే వస్తడు. నువ్వు చెప్తే ఇంటడు. నీ పని మీద ఆయనకు నమ్మకం."

చివరి మాట వినలేక లేచి, మోటరు వైండింగ్ ఏదో చూస్తున్నట్టు అటు తిరిగాను.

వ్యానును ట్రాక్టరుకు కట్టి సూర్యాపేట తెచ్చి, షాపు వెనక ఖాళీ స్థలంలో రాళ్ళ మీద నిలబెట్టాను. సాయంత్రాలు, ఆదివారాలు దాని మీదే. సీటులో ఎలుకలు సంసారం పెట్టాయి. వైర్లు కొరికేశాయి. క్లచ్ ప్లేటు తుప్పుతో అతుక్కుపోయింది. డ్రైవరు కాళ్ళ కింద రేకు చిల్లులు పడి నేల కనబడుతోంది. రేకు ముక్కలు కోసి రివెట్లు కొట్టాను. ట్యాంకు దింపి కడిగాను. వైరింగు మొత్తం కొత్తది వేశాను. వైర్ల పని మాత్రం నాకు నిజంగా వచ్చు. ఈసారి తెలియనిదాన్ని అడిగి తెలుసుకుని చేశాను. విడిభాగాల దుకాణంలో "బ్రేకు రబ్బర్లను దేంతో కడగాలె?" అని అడిగితే, ఆయన తల కూడా ఎత్తకుండా "బ్రేక్ ఆయిల్‌తోనే. ఇంక దేంతోటి ముట్టియ్యొద్దు" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్న అప్పుడే అడిగి ఉండాల్సింది.

వెనక డ్రమ్ములు చివరికి ఉంచుకున్నాను. విప్పితే నేను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, ఎండి నల్లగా పగుళ్ళు వచ్చాయి కానీ ఆకారం మాత్రం అదే. వాటిని కాగితంలో చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాను. కొత్తవి వేశాను.

బ్రేకు పైపుల్లో గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు కింద పడుకుని చక్రం దగ్గర నట్టు వదులు చేసి బిగించాలి. షాపులో ఇంకెవరినైనా పిలవచ్చు. నేను బావకు ఫోను చేశాను.

ఆదివారం పొద్దున వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు. కొత్త రంగు మీద వేలు పెట్టి చూసి, "పెళ్ళికొడుకును చేశావ్‌గా ముసలోణ్ణి" అన్నాడు. సీట్లో మాత్రం సగమే కూర్చున్నాడు. తలుపు తీసి, ఒక కాలు బయటే ఉంచాడు.

"కదలదుగా?"

"ఇంజన్ బందే ఉంది బావా. చక్రాలే లేవు, ఏడ కదుల్తది?"

నేను కిందికి దూరాను. "తొక్కు. తొక్కు. మళ్ళ తొక్కు. ఇగ పట్టు."

"పట్టా."

నట్టు వదిలితే సన్నటి గొట్టంలోంచి బుడగలు సీసాలోకి వచ్చాయి. బిగించి "వదులు" అన్నాను. ఒకవైపు అయింది. రెండో వైపుకు జరిగాను. అక్కడి నుంచి నాకు ఆయన చెప్పు ఒక్కటే కనబడుతోంది. ఆయనకు నా ముఖం కనబడదు. ఎదురుగా నిలబడి చెప్పాల్సిన మాటను అక్కడి నుంచి చెప్పాను. అదీ ఒక పిరికితనమే.

"పట్టు బావా. పట్టే ఉండు. నువ్వు ఆ దినం నిద్రవోలేదు."

"రబ్బర్లు నేను డీజిల్ల కడిగిన. అవి ఉబ్బినయ్. నువ్వు తొక్కినా పడేటట్టు లేవు. బండి తీసిన తెల్లారే విప్పి చూసిన. చూసి మళ్ళ మూసిపెట్టిన."

పెడల్ ఇంకా కిందే ఉంది. వదలమని చెప్పలేదు కాబట్టి ఆయన వదల్లేదు. తొక్కి పట్టుకునే అడిగాడు.

"తెల్లారే చూశావా?"

"ఆఁ."

"దిండు ఇచ్చిన పెళ్ళికి నువ్వు ఉన్నావు."

"ఉన్న."

"అయితే నేను కళ్ళు మూయలేదు."

ఆ మాట నన్ను అడిగినట్టు లేదు. అయినా జవాబు చెప్పాను. "మూయలేదు బావా."

పెడల్ పైకి లేచింది. ఆయన దిగి గేటు దాటి పోయాడు. నేను కిందే పడుకుని ఉన్నాను. పోయినవాడు పోయాడనే అనుకున్నాను. అక్కకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తుండగా చెప్పులు తిరిగొచ్చాయి. టీ తాగొచ్చినట్టుంది. నాకు తేలేదు.

"ఆ నట్టు బిగించావా?"

"బిగించిన."

"ముందు చక్రాలవి ఉన్నాయిగా. కానియ్యి." మళ్ళీ సీట్లో కూర్చున్నాక అన్నాడు, "నాకు చెప్పడం కాదు. మీ అన్నకు చెప్పు. నేనుండగా చెప్పు."

ఆ మధ్యాహ్నమే ఊరికి పోయాం. అన్న దొడ్డి ముందు పందిట్లో చుట్టాలతో కూర్చుని ఉన్నాడు. దిండు ఇచ్చినవాళ్ళలో ఇద్దరు అక్కడే ఉన్నారు. జేబులోంచి కాగితం తీసి, రబ్బర్లు అన్న అరచేతిలో పోసి, జరిగింది చెప్పాను. అన్న ఒక రబ్బరును వేళ్ళ మధ్య తిప్పి చూశాడు.

"గిదా?"

"గదే."

"నేనడిగితే మంచిగున్నయన్నవ్."

"అట్లనే అన్న."

"నీ మాట పట్టుకునే బావను నానా మాటలన్న." ఇటు తిరిగి బావ మీద లేచాడు. "నీకు నోరు లేదా బావా? గట్టిగ చెప్పొద్దా?"

"చెప్పాను. నువ్వే వినలేదు," అన్నాడు బావ.

ఎవరూ నవ్వలేదు. అన్న రబ్బర్లను నాకివ్వకుండా గూట్లో పెట్టి, దొడ్డిలోకి పోయి గొర్రెలను అదిలించడం మొదలుపెట్టాడు. ఆయన సిగ్గుపడితే అట్లాగే చేస్తాడు. క్షమించమని ఎవరూ ఎవరినీ అడగలేదు. నేను అడగాల్సింది. ఆ రోజు పందిట్లో లేనివాళ్ళు మా బంధువుల్లో చాలామంది ఉన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

వారం తర్వాత సూర్యాపేట రవాణా ఆఫీసులో వ్యానుకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ వచ్చింది. లైట్లు, హారన్, వెనక అంటించిన రేడియం పట్టీలు అన్నీ చూసి, గ్రౌండులో బండిని ఉరికించి బ్రేకు కొట్టమన్నారు. నడిపింది నేనే. బావ చెట్టు కింద నిలబడి చూశాడు. కాగితం చేతికొచ్చాక తాళం చెవి ఆయన ముందు పెట్టాను. మిర్యాలగూడ పోయి మిల్లు గదిలోని ఆయన పెట్టె, పరుపు వేసుకుని, అటు నుంచి కోదాడ పోవాలి. కాసేపు చూసి తీసుకున్నాడు.

సీటు నిండా కూర్చున్నాడు. చేతులు మాత్రం స్టీరింగు మీద బిగుసుకుని ఉన్నాయి. ఊరు దాటి కొంత దూరం పోయాక అన్నాడు.

"బామ్మర్దీ, ఏదో ఒకటి మాట్లాడుతుండు. ఊరికే కూర్చోకు."

"నువ్వు నిద్రవోలేదని చెప్పిన గద బావా."

"తెలుసు. అయినా మాట్లాడు."

నిజం చెప్పేస్తే అంతా సర్దుకుంటుందని అనుకున్నాను. అన్ని ఏళ్ళు ఒక మనిషి తన కళ్ళను తాను అనుమానించుకున్నాక, అది ఒక్క వారంలో పోదు. నేను షాపు సంగతులు, మోటర్ల సంగతులు చెబుతూ పోయాను. కాలువ మలుపు కనబడగానే ఇద్దరం ఆగిపోయాం. నా మాట ఆగింది. ఆయన బ్రేకు మీద కాలు పెట్టాడు. ముందు ఏ బండీ లేదు, ఆపాల్సిన పనీ లేదు. వ్యాను నిలిచింది. వదిలి, నాలుగు గజాలు పోనిచ్చి, మళ్ళీ తొక్కాడు. మళ్ళీ నిలిచింది. వెనక నుంచి ఒక లారీ హారన్ కొట్టి, డ్రైవరు ఏదో తిడుతూ దాటిపోయాడు.

బావ గేరు వేశాడు.

"చెప్పు," అన్నాడు.

"ఏం చెప్పాలె? షాపు సంగతులన్నీ అయిపోయినయ్."

"ఆ రబ్బర్ల సంగతే మళ్ళీ చెప్పు. మొదటి నుంచి."

నేను మొదటి నుంచి చెప్పాను.