శేషగిరి సారు చెప్పిన ‘కంపెనీ’

మొన్న శుక్రవారం పొద్దున కౌకూర్ నుంచి శేషగిరి సారు కూతురు ఫోన్ చేసి, నాన్నగారు పరమపదించారని చెప్పింది. నిశ్చేష్టురాలినై చేతిలోని చాట అట్లాగే పట్టుకొని నిలబడ్డాను. వారం కిందటే సారు నాతో ఫోన్‌లో మాట్లాడారు.

తెనాలి వైపు నుంచి వచ్చిన ఇంగ్లిషు పంతులాయన. భార్య పోయాక శామీర్‌పేటలో మా ముందుగదిలో అద్దెకు దిగారు. ఏ ఇంగ్లిషు మాట చెవిన పడ్డా దాని పుట్టినూరు విచారించనిదే వదిలేవారు కాదు. నేను చదివింది నాలుగో తరగతి. అయినా నాకూ శ్రద్ధగా చెప్పేవారు.

ఆటో తోలే మా ఆయనకు కాలు విరిగిన ఏడు తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగు పనికి కుదిరాను. అక్కడ ఆడవాళ్లు గోడవైపు తిరిగి, డబ్బాకు మూత అడ్డం పెట్టుకొని తినేవాళ్లు. ఎవరి కూర ఏమిటో ఎవరికీ తెలియకూడదు. పలకరింపు లేదు. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ పనే ఆధారం. అయినా ఐదోనాడు, శనివారం, నేను బస్సెక్కలేదు.

అరుగు మీద కూర్చున్న నన్ను చూసి సారు సంగతి అడిగారు.

“గా కంపెనీల మాట్లాడే మనిషే లేదు సారూ. ఇగ నేను పోను,” అన్నాను.

ఫ్యాక్టరీని కంపెనీ అంటాం, మేలురకం వస్తువును కంపెనీ సామాను అంటాం, తోడు కూర్చోమనడానికి కంపెనీ ఇమ్మంటాం. ఇవన్నీ ఒక తల్లి పిల్లలేనన్నారు సారు. “లాటిన్ అని పాత భాషొకటుందమ్మాయ్. కలిసి రొట్టె తినేవాళ్లనే అర్థంతో అందులో పుట్టిందీ మాట. గేటూ గోడా తర్వాత వచ్చాయి. సోమవారం వెళ్లి, ఆ మూత నువ్వే ముందు తియ్యి.”

నాకు ఒళ్లు మండింది. “మరి మీరెందుకు తలుపేసుకొని తింటరు సారూ?”

ఆ గదిలో దిగిన నాటినుంచి ఆయన అన్నం తినడం మేమెవరమూ చూడలేదు. నాలుక కరుచుకున్నాను గానీ, అన్న మాట వెనక్కి రాదు కదా.

మర్నాడు మేం భోజనానికి కూర్చునే వేళకు ఆ తలుపు తెరుచుకుంది. ఒక చేతిలో కంచం, మరో చేతిలో పప్పుగిన్నె. సారు వచ్చి మా ఆయన మంచం పక్కన బాసింపట్టు వేసుకొని కూర్చున్నారు. మాకూ వడ్డించిన ఆ పప్పులో ఉప్పే లేదు.

“గిన్ని దినాలు గిదెట్ల తిన్నరు సారూ?” అని మా ఆయన నవ్వాడు.

“చెప్పేవాళ్లు లేరు కదయ్యా,” అన్నారు సారు.

సోమవారం బస్సెక్కాను. వట్టి కారం కలిపిన అన్నం అందరికీ కనబడేటట్టు మూత తీసి, డబ్బా అందరి నడుమ పెట్టి కూర్చున్నాను. కాసేపటికి పక్కనున్నామె తన మూత దించింది. ఆ పని తొమ్మిదేళ్లు చేశాను.

మాటకు అర్థం చెప్పే పండితులు మళ్లీ దొరుకుతారేమో. చదువురాని ఆడది అడిగిన మాటకు చిన్నబుచ్చుకోక, మర్నాడే కంచం పట్టుకొని బయటికి వచ్చిన ఆ మహానుభావుడు ఇక దొరకడు. ఆ పాదాలకు దండం.