సీకటా, చీకటా?

నేను వకీలుగా ఉన్న రోజుల్లో నెల్లిమర్ల దగ్గరి ఒక ఊరి పొలం తగాదా వాదించాను. నా క్లయింటు ఎరువుల కొట్టు యజమాని. పక్క రైతు చేనులోకి సరిహద్దు రాళ్లు జరిపించాడని అతని మీద కేసు. జరిపించిన మాట నిజమేనని వకాలత్ మీద సంతకం పెట్టిన రోజే నాతో చెప్పాడు.

చూసిన సాక్షి ఒక్కరే, ఆ రైతు అప్ప, అంటే అక్క. బోనెక్కి, "సీకటి పడతన్నాది బావూ. గడ్డిమోపు ఎత్తుకుని వస్తన్నాను. రాళ్లు పీకతన్నోళ్లని సూసినాను" అంది.

నేను లేచాను. "సీకటా? అదేం మాటమ్మా? కోర్టువారికి తెలిసే తెలుగులో చెప్పు."

అందరూ నవ్వారు. ఆమె మళ్లీ "సీకటి" అంది. మళ్లీ నవ్వారు. మూడుసార్లు అనిపించాను. నాలుగోసారికి ఆమె తల దించుకుని "నాకేటీ తెల్దు బావూ" అంది. ఆపైన ఏమడిగినా అదే జవాబు. కేసు గెలిచాం.

మా అమ్మ కూడా సీకటనే అనేది. విశాఖపట్నంలో లా చదివేదాకా నేనూ అన్నాను.

కొన్నేళ్లకు నాకు పార్టీ టికెట్ వచ్చింది. జనం భాషలో మాట్లాడమన్నారు. మొదటి సభలోనే "ఏటర్రా, బాగున్నారా?" అంటే ఈలలు వేశారు. ప్రచారంలో ఆ ఊరికీ వెళ్లాను. నా పక్కన జెండా పట్టుకున్నది ఆ ఎరువుల కొట్టు యజమానే.

ఆ రోజు బోనెక్కిన ఆమె తన ఇంటి గుమ్మంలోనే ఉంది. నన్ను గుర్తుపట్టింది.

"ఇప్పుడు మా బాసే మాటాడతన్నావంట గదా బావూ. ఒకటి సెప్పు. నాను సూసినానని ఆ రోజు నువ్వు నమ్మినావా, నేదా? నాను డబ్బులు తిని మాట మార్సీసినానని మా తమ్ముడు నాతో మాటాడ్డం మానేసినాడు."

ఎరువుల కొట్టు యజమాని నా వైపు చూశాడు. "పాత సంగతులెందుకమ్మా, ఓటు మరిసిపోకు" అని జీపెక్కేశాను. ఆ మాట కూడా ఆమె యాసలోనే అన్నాను.

ఎమ్మెల్యేగా ఉన్న అయిదేళ్లలో ఆ ఊరికి రోడ్డు వేయించాను. ఆమె ఇంటి ముందు నుంచే వెళ్లేవాణ్ణి, అద్దం దించకుండా.

ఓడిపోయాకే ధైర్యం వచ్చింది. దాన్ని ధైర్యమనడానికి కూడా సిగ్గేస్తుంది. పోగొట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు, అంతే. ఆమె తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్లాను. ఎవరిదో మడిలో కూలికి నాట్లు వేస్తున్నాడు. గట్టు మీద నిలబడి చెప్పాను. మీ అప్ప చూసింది నిజం, నాకు ముందే తెలుసు, నేనే ఆమె నోరు మూయించాను.

అతను చేతిలోని నారుకట్ట నీళ్లలో పెట్టాడు.

"పదకొండేళ్లు మాటాడ్నేదు బావూ, మా అప్పతోటి."

నన్ను తిట్టలేదు. గట్టెక్కి, బురద కాళ్లతోనే ఊరివైపు నడిచాడు, ఆపైన పరిగెత్తాడు. నాట్లు వేసే ఆడవాళ్లు నడుములెత్తి నన్ను చూస్తున్నారు. వాళ్లకేం చెప్పాలో నాకు ఏ భాషలోనూ తోచలేదు.