నాన్న వీపుకు నచ్చిన స్పీకరు

ఖరగ్‌పూర్ మొత్తంలో పాటలు వినడానికే ఒక గది కట్టుకున్నవాణ్ణి అప్పట్లో నేనొక్కణ్ణే. ఆ గది మా స్టేషను ప్లాట్‌ఫారం అంత పొడుగు. గోడలకు తెరలు, నేల మీద తివాచీ. సరే, తెరలంటే మా ఆవిడ పాత చీరలు. తివాచీ గోనెసంచి. కట్టుకున్నదీ లేదు, అది రైల్వే క్వార్టరు వెనక బొగ్గుల గది. ఇద్దరు కూర్చుంటే మూడోవాడు గుమ్మంలో నిలబడాలి. పాటలు వినడానికే అన్న మాట మాత్రం నిజం. బొగ్గులు వరండాలోకి మార్చడానికి మా ఆవిడను ఒప్పించేసరికి వానాకాలం వచ్చి వెళ్ళిపోయింది.

ఇదంతా మా నాన్న కోసం. ఆయన వర్క్‌షాపులో బాయిలర్ షాపు మనిషి. బయట ఒకడు రివెట్ల మీద సుత్తితో బాదుతుంటే, బాయిలరు లోపల కూర్చుని ఇనుపదిమ్మతో అటువైపు నుంచి అదిమిపట్టడం ఆయన పని. రిటైరయ్యేనాటికి చెవులు రెండూ అక్కడే అప్పగించి వచ్చారు. కుర్రతనంలో విజయనగరం వైపు ఎక్కడ సన్నాయి మేళం ఉందన్నా నడిచి వెళ్ళిన మనిషి. ఇప్పుడేమో రేడియో ముందు కూర్చుని తల ఊపి, "బాగుందిరా, బాగా పాడినాడు" అనేవారు. పాడుతున్నది ఎవరా అని చూస్తే, బెంగాలీలో వార్తలు చదివే ఆయన. నన్ను నొప్పించకూడదని ఆడే ఆ అబద్ధం నాకు సన్నాయికన్నా గట్టిగా వినబడేది.

మా రేడియోలో స్పీకరు అరచేతంత. పెద్దది తగిలిస్తే ఒక్క పాటైనా ఆయనకు అందుతుందని నా ఆశ. మా ఊళ్ళోనే తాల్‌బగీచా పేటలో పూజ పందిళ్ళకు మైకుసెట్లు కట్టే బెంగాలీ ఒకాయన ఉండేవాడు. నేనాయన్ని దాదా, అంటే అన్నా అనేవాణ్ణి, ఆయనా నన్ను దాదా అనేవాడు. పెద్దవాడెవరో చివరిదాకా తేలలేదు. ఒక ఆదివారం పొద్దున రిక్షాలో రెండు స్పీకర్లు తెచ్చి దించాడు.

"రెండూ విను దాదా, ఒకటి ఉంచుకో."

మొదటిది ఎనిమిదంగుళాలది, మందపాటి టేకు పెట్టెలో ఉంది. దాన్ని మోయడానికి నలుగురం కావలసి వచ్చాం. ఇద్దరమే లెండి, అందులోనూ నేను ఊరికే చెయ్యి వేశానంతే. రెండోది పన్నెండంగుళాలది. దానికి పెట్టె లేకపోతే, అంచులకు రేకు కొట్టి ఉన్న పల్చని టీ పెట్టెలో బిగించాడు. అస్సాం నుంచి టీ పొడి వచ్చే చెక్కపెట్టె అది.

రేడియోలో సన్నాయి కచేరీ వేళకు ముందుగా టేకుదానికి వైరు తగిలించాం. ఏం చెప్పను! వీధి వీధంతా మా గుమ్మం ముందుకు చేరింది. అంటే పక్క క్వార్టరు దీదీ, ఆవిడ మేక. నాన్న తల ఊపారు. "బాగుందిరా" అన్నారు. కానీ ఆయన కళ్ళు నా మొహం మీద ఉన్నాయి. నేనెప్పుడు తల ఊపితే అప్పుడు ఊపుదామని చూస్తున్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది.

వైరు తీసి టీ పెట్టెకు తగిలించాం. డోలు దెబ్బ పడగానే పెట్టె పెట్టంతా ఒణికింది. రేకులు గలగల్లాడాయి. పైనుంచి పాత బొగ్గు నుసి మా నెత్తిన రాలింది.

"ఏటండీ ఇది! ఎలకలు దూరినట్టుంది" అంది మా ఆవిడ గుమ్మంలోంచి.

దాదా చెవులు మూసుకున్నాడు. "ఛీ ఛీ! పెట్టె కదలకూడదు దాదా. ఒణికితే సౌండ్ ఖరాబ్. టేకుదే తీసుకో."

అదీ నిజమే. "ఠీక్ హై" అన్నాను. దాదా వైరు పీకబోయాడు.

చోటు చాలక నాన్న అప్పటికే టీ పెట్టెకు ఒరిగి కూర్చున్నారు. ఉన్నట్టుండి దాదా చెయ్యి పట్టుకున్నారు.

"ఉండు బాబూ."

కాస్త జరిగి, వీపంతా పెట్టెకు ఆనించి, కళ్ళు మూసుకున్నారు. అరచెయ్యి తొడమీద తాళం వెయ్యడం మొదలుపెట్టింది. బాయిలరు లోపల కూర్చునే వాళ్ళకు చెవులతో పనిలేదు. వీపు ఇనుపరేకుకు ఆనించి, బయట సుత్తి ఎక్కడ పడుతోందో ఆ అదురును బట్టే తెలుసుకుంటారు. ఆ సంగతి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. అయినా నేను ఆయన చెవుల కోసమే వెతుకుతున్నాను!

తాళం నిజమా, నాకోసమా? తేల్చుకోలేక ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను. కచేరీ అయిపోయింది, వార్తలు మొదలయ్యాయి. చెయ్యి ఆగింది.

"ఏటిరా, మేళం ఆపేసినారేటి?" అని కళ్ళు తెరిచి గర్జించారు నాన్న. మా ఇంట్లో ఆయన కోసం అందరం బాయిలర్ షాపు గొంతుతోనే మాట్లాడేవాళ్ళం.

"అయిపోనాది మావగారూ! వార్తలు!" అని మా ఆవిడ అంతకన్నా గట్టిగా అరిచింది.

"వార్తలు నాకెందుకే అమ్మా! డోలు పెట్టమను!"

ఆ కేకకు దీదీ మేక తాడు తెంపుకుని సుభాష్‌పల్లి దాకా పారిపోయింది.

దాదా టేకు పెట్టె మీద చెయ్యి వేసి, "ఇది వద్దా? ఆ ఖరాబ్ సౌండ్ కావాలా?" అన్నాడు.

"అదే కావాలి. పుణ్యముంటుంది, ఇంకో రెండు మేకులు వదులు చెయ్యి దాదా, ఇంకాస్త ఒణుకుతుంది."

దాదా నవ్వుతూ మేకులు వదులు చేశాడు. పందిళ్ళకు మైకులు కట్టిన చేత్తో ఇలాంటి పని మొదటిసారి చేశానన్నాడు.

తరవాత ఆ గదిలో నేను పాటలు విన్నది తక్కువ. చెవులున్నవాడెవడూ ఆ గలగల ముందు కూర్చోలేడు. వరండాలో బొగ్గుల పక్కన కూర్చుని, తలుపు సందులోంచి నాన్నను చూస్తూ ఉండేవాణ్ణి. ఒకరోజు ఆయన వీపు కదపకుండానే కేక పెట్టారు.

"ఒరే, ఈ డోలువోడు తొందరపడిపోతన్నాడ్రా! కాసింత ఆగమని సెప్పు!"

చెవి ఒగ్గి విన్నాను. నిజమే, తొందరపడుతున్నాడు. నేను కావాలనే "బాగుంది నాన్నా" అని తల ఊపితే, "ఏటి బాగుంది! నీకు సెవులు లేవేటి?" అని తిట్టారు. ఆ తిట్టులో నేను కలిపింది ఒక్క అక్షరం లేదు. మేక సంగతి మాత్రం కలిపాను. అది ఎక్కడికీ పోలేదు, గుమ్మం దగ్గరే నిలబడి వార్తలు కూడా వింది.